318 మలుపులు

అమెరికా దేశంలో టెన్నెస్సీ, నార్త్ కరొలీనా రాష్ట్రాలు కలిసే చోట ఒక కొండదారి ఉంది. ప్రభుత్వ లెక్కల్లో అది 129వ నంబరు రహదారిలో ఒక భాగం. జనం మాత్రం దానిని 'టెయిల్ ఆఫ్ ది డ్రాగన్' అంటారు. అంటే ఘటసర్పం తోక అని అర్థం. దర్శన గ్రంథం 12వ అధ్యాయం చదివిన మనకు ఘటసర్పం కొత్తది కాదు. ఈ తోక పొడవు 11 మైళ్ళు, అంటే సుమారు 18 కిలోమీటర్లు. ఆ కొద్ది దూరంలో 318 మలుపులు ఉన్నాయని అక్కడివారి లెక్క. సగటున 56 మీటర్లకు ఒక మలుపు అన్నమాట. ఆ దారి గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ వనం అంచునే పోతుంది. ఆ 11 మైళ్ళలో ఇళ్ళు లేవు, వచ్చి కలిసే అడ్డదారులు లేవు. అడవి, కొండ, తారురోడ్డు, అంతే.

ఏ పనీ లేకపోయినా ఆ దారిలో పోవడం కోసమే అమెరికా నలుమూలల నుండి, ఇతర దేశాల నుండి కూడా మోటారు సైకిళ్ళవాళ్ళు వస్తారు. కొన్ని మలుపులకు పేర్లు కూడా పెట్టుకున్నారు. ఒకదాని పేరు 'బ్రేక్ ఆర్ బస్ట్ బెండ్'. బ్రేకు వెయ్యి, లేదా పగిలిపో అని దాని భావం. మలుపుల దగ్గర ఫోటోలు తీసేవారు కూర్చుని ఉంటారు. బండిని పక్కకు వంచి మోకాలు నేలకు ఆనించినట్టు పోయే ఫోటోను తరువాత కొనుక్కోవచ్చు. దారి మొదట్లో డీల్స్ గ్యాప్ అనే చోట ఒక చెట్టు ఉంది. దానిని 'సిగ్గు చెట్టు' అంటారు. దారిలో పడిపోయినవారి బండ్ల విరిగిన ముక్కలు, అద్దాలు, రేకులు దానికి వేలాడదీస్తారు. నవ్వుకోవడానికే అలా చేస్తారు గాని, ఆ ముక్కల్లో కొన్ని ఇంటికి తిరిగిపోని మనిషివి కూడా కావచ్చునని చూసేవారికి తోచక మానదు.

ఇంత దూరపు దారి గురించి మన పత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, ఆ మధ్య ఒక ఆదివారం దివ్యబలిపూజ అయ్యాక ఒక తల్లి వచ్చి అడిగిన ప్రశ్న వల్ల. "ఫాదర్ గారూ, మా వాడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. పెద్ద బండి కొన్నాడు. ఎక్కడో మెలికల రోడ్డు మీద దాన్ని ఒరగబెట్టి పోతున్న ఫోటో పంపాడు. భయపడకమ్మా, అందరూ వెళ్తారు అంటాడు. ఇది పాపమంటారా? వాడు పాపసంకీర్తనం చేసుకోవాలా?" అని. బండి మంచిదా కాదా అని ఆమె అడగలేదు, జీతం గురించీ అడగలేదు. పాపమా అని అడిగింది. మన విచారణల్లో ఇంకా ఈ ప్రశ్న అడిగే తల్లులున్నారు, అందుకు దేవునికి కృతజ్ఞతలు. నిలబడిన చోటనే రెండు మాటల్లో చెప్పగలిగిన జవాబు కాదది.

ఇటువంటి విషయంలో మనవారు సాధారణంగా చెప్పే జవాబులు రెండు. పెద్దవాళ్ళు "పోయేకాలం కాకపోతే ఏమిటి" అంటారు. కుర్రవాళ్ళు "నా ప్రాణం, నా ఇష్టం" అంటారు. మొదటిదానిలో కోపం ఉంది గాని ఆలోచన లేదు. రెండవది క్రైస్తవ విశ్వాసానికే విరుద్ధం. ప్రాణం నాది కాదు. సర్వేశ్వరుడు నాకు అప్పగించాడు. నేను దానికి కాపలాదారుణ్ణి మాత్రమే. కతోలిక శ్రీసభ సత్యోపదేశం ఐదవ ఆజ్ఞ కింద చెప్పేది ఇదే. కాని ఇంతటితో ఆగిపోతే మొదటి జవాబుకే తిరిగి వెళ్ళినట్టవుతుంది. కాబట్టి కొంచెం లోపలికి వెళ్దాం.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఆనందం నిజమైనది. ఎన్నడూ బండి ఎక్కనివారికి అది అర్థం కావడం కష్టం. మలుపులో మోటారు సైకిలు కారులాగా తిరగదు, ఒరుగుతుంది. ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిలును ముందుకు నెట్టాలి, అప్పుడు బండి ఎడమకు వాలుతుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని వాస్తవం అదే. టైరు నేలను తాకే చోటు ఒక్కొక్క చక్రానికి దాదాపు అరచేతి అంతే. మనిషి, బండి, వేగం అన్నీ ఆ రెండు అరచేతుల మీద నిలబడి ఉంటాయి. ఎటు చూస్తే బండి అటే పోతుంది. లోయను చూస్తూ ఉండిపోయినవాడు లోయవైపే పోతాడని నేర్పేవారు మొట్టమొదట చెప్పే పాఠం. ఇందుకోసం మనసు పూర్తిగా ఆ క్షణంలో ఉండాలి. ఆఫీసు గొడవ, ఇంటి అప్పు, ఏవీ గుర్తుండవు. వారమంతా కంప్యూటరు ముందు కూర్చునే పిల్లవాడికి అది ఎంత విశ్రాంతి ఇస్తుందో ఊహించవచ్చు.

ఆటను, వినోదాన్ని శ్రీసభ ఏనాడూ పాపమనలేదు. పునీత తోమాసు అక్వినాసు తన వేదాంత గ్రంథంలో ఆట గురించి రాస్తూ, అపొస్తలుడైన పునీత యోహాను గురించి చెప్పుకునే ఒక పాత కథను ఎత్తుకుంటాడు. యోహాను శిష్యులతో ఆడుకుంటుండగా చూసి ఒకడు ఆశ్చర్యపోయాడట. అతని చేతిలో విల్లు ఉంది. దానితో వరుసగా బాణాలు వేస్తూ ఉండగలవా అని యోహాను అడిగితే, విల్లు విరిగిపోతుందన్నాడట. మనసు కూడా అంతేనని యోహాను జవాబు. ఇక మోటారు సైకిలు సంగతికి వస్తే, ఇటలీలో కస్తెల్లాత్సో బోర్మిద అనే ఊళ్ళోని మరియ మాతను 1947లో 12వ పియుసు పోపు గారు మోటారు సైకిళ్ళవారికి పాలక పునీతురాలిగా ప్రకటించారు. 2013 జూనులో పునీత పేతురు చౌకులో ఫ్రాన్సిసు పోపు గారు వేలాది హార్లీ డేవిడ్‌సన్ బండ్లవారిని దీవించారు. ఆయనకు బహుమతిగా వచ్చిన బండిని మరుసటి సంవత్సరం పారిస్‌లో వేలం వేస్తే 2 లక్షల యూరోలకు పైగా వచ్చింది. ఆ సొమ్ము రోములోని కారితాస్ సంస్థ వారి పేదల సత్రానికి వెళ్ళింది. కాబట్టి బండి మీద మనకు పగ లేదు.

అపాయం ఉన్నదల్లా పాపమని కూడా అనలేము. 1889లో మిలాను నగరపు యువ గురువు ఒకరు ఆల్ప్స్ పర్వతాలలో మోంటె రోజా శిఖరాన్ని దాని తూర్పు ముఖం మీదుగా ఎక్కారు. మంచు విరిగిపడే ప్రమాదకరమైన గోడ అది. కొండ మీద ఒక ఇరుకు అంచున రాత్రి గడపవలసి వచ్చింది. ఆ గురువు పేరు అకిల్లె రత్తి. 1922లో ఆయన 11వ పియుసు పోపు అయ్యారు. మొన్న 2025 సెప్టెంబరు 7న పునీతుడుగా ప్రకటింపబడిన పియెర్ జోర్జియో ఫ్రస్సాతి కూడా కొండలెక్కే మనిషే. అపాయాన్ని తప్పించుకోవడమే పుణ్యమైతే మన మత్స్యకారులు సముద్రానికి వెళ్ళకూడదు, మఠకన్యలు కుష్ఠురోగుల సేవకు పూనుకుని ఉండకూడదు. అయితే సీరా జ్ఞానగ్రంథం 3వ అధ్యాయం అపాయాన్ని ప్రేమించేవాణ్ణి హెచ్చరిస్తుంది. అపాయాన్ని భరించడం వేరు, ప్రేమించడం వేరు. మత్స్యకారుడికి తుఫాను లేకపోతే సంతోషం. ఘటసర్పం దారికి వెళ్ళే కుర్రవాణ్ణి అడగాలి: ఆ దారిలో చచ్చే అవకాశం ఏమాత్రం లేకుండా చేస్తే నువ్వు ఇంకా వెళ్తావా? వెళ్తాను, ఆ కొండలు, ఆ ఒరగడం చాలు అంటే అతను ఆటను ప్రేమిస్తున్నాడు. అప్పుడు చప్పగా ఉంటుంది అంటే, అతను ప్రేమిస్తున్నది మరొకదానిని.

ఇక్కడ పునీత తోమాసు చెప్పిన ఒక సంగతి మన పెద్దలకు కూడా కొత్తగా ఉండవచ్చు. ధైర్యం నాలుగు మూల సుగుణాలలో ఒకటి అని మనం సత్యోపదేశంలో నేర్చుకున్నాం. పిరికితనం దానికి విరుద్ధమని అందరికీ తెలుసు. బొత్తిగా భయం లేకపోవడం కూడా ధైర్యానికి విరుద్ధమైన దోషమేనని ఆయన రాశాడు. ఎందుకంటే భయం ప్రేమలోనుండి పుడుతుంది. దేనిని ప్రేమిస్తామో అది పోతుందేమోనని భయపడతాం. కాబట్టి భయం లేనివాడు మూడు కారణాలలో ఒకదానివల్ల అలా ఉంటాడు. ప్రేమించవలసినదానిని ప్రేమించవలసినంత ప్రేమించకపోవడం ఒకటి. నాకేమీ కాదనే గర్వం ఒకటి. బుద్ధి మందగించడం ఒకటి. ఈ మూడింటిలో మొదటిదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. గర్వాన్ని ఒక చిన్న దెబ్బ దించుతుంది. బుద్ధిని వయసు దిద్దుతుంది. కాని తన జీవితం మీద తనకే ప్రేమ తగ్గిపోయిన పిల్లవాడు కూడా వేగంగానే పోతాడు. బయటికి అతను ధైర్యవంతుడిలాగే కనిపిస్తాడు. దూరదేశంలో ఒంటరిగా ఉన్న కొడుకు అటువంటి ఫోటో పంపినప్పుడు, బండి సంగతి తరువాత, "బాగున్నావా నాన్నా, రాత్రి నిద్ర పడుతోందా" అని తల్లి ముందుగా అడగడం మంచిది.

ఇంతవరకు అతని ప్రాణం గురించే మాట్లాడాం. అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. మోంటె రోజా మీద తాడు కట్టుకున్నవారంతా అపాయం తెలిసి, ఒప్పుకొని కట్టుకున్నవారు. 129వ నంబరు రహదారి అలాంటిది కాదు. అది అందరిదీ. ఆదివారం పూట ముసలి దంపతులు కారులో అడవి చూడడానికి పోవచ్చు. తండ్రి వెనుక సీటులో బిడ్డను కూర్చోబెట్టుకుని పోవచ్చు. వాళ్ళెవరూ ఈ ఆటకు ఒప్పుకోలేదు.

ఒక చిన్న లెక్క చూడండి. ఆ దారిలో చట్టం అనుమతించే వేగం గంటకు 30 మైళ్ళు, అంటే 48 కిలోమీటర్లు. ఆ వేగంలో ఎదురుగా ఏదో కనిపించాక బ్రేకు పట్టడానికి ఒక సెకను పట్టిందనుకుంటే బండి 13 మీటర్లు పోతుంది. పొడిరోడ్డు మీద బ్రేకు పడ్డాక మరో 11 మీటర్లలో ఆగవచ్చు. మొత్తం దాదాపు 25 మీటర్లు. అదే 96 కిలోమీటర్ల వేగమైతే ఆ ఒక్క సెకనులోనే 27 మీటర్లు, బ్రేకు పడ్డాక సుమారు 45 మీటర్లు. మొత్తం 70 దాటుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక పట్టే దూరం నాలుగింతలవుతుంది. పైగా ఇది తిన్నని దారి లెక్క. మలుపులో ఒరిగి ఉన్న టైరు పట్టులో సగం తిరగడానికే ఖర్చయిపోతుంది, ఆగడానికి మిగిలేది కొంతే. ఇక 56 మీటర్లకొక మలుపున్న దారిలో, చెట్లు కమ్ముకున్న చోట, కనిపించేది ఎంత? కనిపించే దూరంలో ఆగలేని వేగంతో పోయేవాడు, మలుపు అవతల ఎవరూ లేరని పందెం కడుతున్నాడు. పందెంలో ఒడ్డినది అవతలివాడి ప్రాణం కూడా.

ఇంకొక సంగతి నేర్పరులైన సవారులే చెబుతారు. అమెరికాలో బండ్లు కుడివైపు పోతాయి. ఎడమ మలుపులో బాగా ఒరిగినప్పుడు చక్రాలు పసుపు గీతకు ఇవతలే ఉన్నా, మనిషి తల, భుజం గీత దాటి ఎదుటివారి దారిలోకి వెళ్ళిపోతాయి. మన దేశంలో ఎడమవైపు పోతాం కాబట్టి మన ఘాటు రోడ్లలో ఇది కుడి మలుపులో జరుగుతుంది. "నేను నా గీత దాటలేదు" అని అతను నిజాయితీగానే అనుకుంటాడు. ఆ దారిలో పొడవాటి లారీలు మలుపు తిరగడానికి గీత దాటవలసి వచ్చేది. అందుకే 2015లో టెన్నెస్సీ వైపు 30 అడుగులు మించిన లారీలను నిషేధించారు. లారీకి నిషేధం పెట్టవచ్చు. కుర్రవాడి తలకు పెట్టలేరు.

అందువల్లనే సత్యోపదేశం 2290వ పేరాలో, తాగుడును, వేగం మీది వ్యామోహాన్ని ఒకే వాక్యంలో కలిపి, తనకూ ఇతరులకూ దారిలో అపాయం తెచ్చేవారి దోషం ఘోరమైనదని చెబుతుంది. ఈ మాట మన విచారణల్లో చాలామందికి తెలియదు. తాగి బండి నడపడం తప్పని ప్రసంగాల్లో వింటాం. వేగాన్ని దాని పక్కనే కూర్చోబెట్టారని ఎవరూ చెప్పరు. 2007లో వాటికన్ కార్యాలయం ఒకటి దారిలో పోయేవారి కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రచురించింది. అందులో వాహనం నడిపేవారికి పది ఆజ్ఞలున్నాయి. మొదటిది చంపవద్దు అనేదే. వాహనం అధికారాన్ని చాటుకునే సాధనం కాకూడదని ఇంకొకటి. వాహనం కదిలించే ముందు సిలువ గుర్తు వేసుకోవడం మంచిదని కూడా అందులో ఉంది.

సిలువ గుర్తు అన్నాను కాబట్టి ఒక మాట. బండికి మెడల్ తగిలించి, ట్యాంకు మీద మరియ మాత బొమ్మ అంటించి, జపమాల మెడలో వేసుకుని గంటకు వంద దాటించే పిల్లలను మనం చూస్తూనే ఉన్నాం. మత్తయి సువిశేషం 4వ అధ్యాయంలో సైతాను ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దేవదూతలు పట్టుకుంటారు, దూకు అని కీర్తన గ్రంథం నుండే చదివి వినిపించాడు. ప్రభువు దూకలేదు. దేవుణ్ణి శోధించడం అంటే ఏమిటో అక్కడ తేలిపోయింది. దీవించిన మెడల్ టైరుకు పట్టు పెంచదు. ఇలా అనడం మెడల్‌ను తక్కువ చేయడం కాదు.

రేసు మైదానాలలో మనుషులు చనిపోతే శ్రీసభ ఊరుకోలేదు. 1957లో ఇటలీలో మిల్లె మీల్యా అనే కార్ల పందెం మామూలు రోడ్ల మీదే జరుగుతుండగా ఒక కారు జనంలోకి దూసుకుపోయి చూస్తున్నవారు 9 మంది చనిపోయారు. వారిలో 5గురు పిల్లలు. ఆ పందెం దానితో ముగిసింది. మరుసటి ఏడు ఫెరారీ కారు నడిపే లూయిజి మూస్సో చనిపోయినప్పుడు వాటికన్ పత్రిక లొస్సెర్వతోరె రొమానొ, ఫెరారీ యజమానిని తన బిడ్డలను తానే తినే పాత రోమీయుల దేవుడు సాటర్నుతో పోల్చింది. పెద్ద మాటే. కొంచెం మితిమీరిందని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ బిడ్డలు తమంతట తామే వచ్చి చక్రం పట్టుకున్నారు.

ఇద్దరు మోటారు సైకిలు వీరుల సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవిలో 37 మైళ్ళకు పైగా ఉన్న కొండదారిలో ఏటా పందెం జరుగుతుంది. అది కూడా మామూలు రోజుల్లో జనం తిరిగే దారే. 15సార్లు ప్రపంచ విజేత అయిన ఇటలీ దేశస్థుడు జాకొమొ అగొస్తీని అక్కడ 10 పందేలు గెలిచాడు. 1972లో అతని మిత్రుడు జిల్బెర్తొ పర్లొత్తి అక్కడ చనిపోయాడు. అగొస్తీని ఆ ఏడాది తరువాత మళ్ళీ ఆ దీవిలో పోటీ చేయలేదు. ఆట మానలేదు, ఆ దారిని మానాడు. మరికొందరు మేటి సవారులూ రావడం మానడంతో 1976 తరువాత అది ప్రపంచ పోటీల్లో భాగం కాకుండా పోయింది. పిరికివాడని అతణ్ణి అనగలిగేవారెవరు? తోమాసు చెప్పిన ప్రేమలోనుండి పుట్టే భయం అటువంటిదే.

రెండవవాడు ఉత్తర ఐర్లండుకు చెందిన జోయి డన్‌లప్. అదే దీవిలో 26 పందేలు గెలిచాడు. తన వ్యానులో తిండి, బట్టలు నింపుకుని రుమేనియా, బోస్నియా, అల్బేనియా దేశాల అనాథ పిల్లల దగ్గరకు ఒంటరిగా నడుపుకుంటూ పోయేవాడు. అందుకు 1996లో బ్రిటిషు ప్రభుత్వం అతణ్ణి సత్కరించింది. 2000 జూలైలో ఎస్టోనియా దేశపు టాలిన్‌లో వానలో జరిగిన పందెంలో చెట్టుకు కొట్టుకుని చనిపోయాడు. భార్య, ఐదుగురు పిల్లలు మిగిలారు. ఇటువంటివాణ్ణి స్వార్థపరుడని అనడానికి నాకు నోరు రాదు. అనాథల కోసం అంత దూరం పోయిన మనిషి. అయినా తన ఐదుగురు పిల్లలు ఆనాటి నుండి తండ్రి లేనివారయ్యారు. ఆ రెండూ నిజమే. ఒకదానితో మరొకదానిని కొట్టివేయలేము. పెళ్ళి అనే దివ్యసంస్కారం పుచ్చుకున్నవాడికి, పెళ్ళికాని కుర్రవాడికి ఒకే కొలత వర్తించదని మాత్రం చెప్పగలను. ముసలి తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకైనవాడు కూడా ఆ మొదటివాడి కోవలోకే వస్తాడు.

తల్లిదండ్రులకు కూడా రెండు మాటలు. 'నా కొడుకు అడిగాడు' అని పొలం కుదువబెట్టి ఇంటరు చదివే పిల్లవాడికి రేసు బండి కొనిచ్చేవారు మనలో ఉన్నారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి లేదా సంరక్షకుడికి మూడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. హెల్మెట్టు కొనడానికి మాత్రం బేరమాడతారు. వేగమే కావాలనుకునే పిల్లలకు వేరే చోటుంది. మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు మైదానం ఉంది, అక్కడ అందరూ ఒకే వైపు పోతారు, ఎదురు వచ్చే ముసలి దంపతులుండరు. అమెరికాలో అటువంటి మైదానాలు చాలా ఉన్నాయి. ఖర్చవుతుంది, నిజమే.

ఇక పాపసంకీర్తనం సంగతి. ఒకే రోజు ఇద్దరు కుర్రవాళ్ళు ఒకే గుడ్డి మలుపులో ఒకే వేగంతో పోయారనుకుందాం. ఒకడికి అవతల ఎవరూ ఎదురుకాలేదు. ఫోటో కొనుక్కుని ఇంటికి వెళ్ళాడు. రెండవవాడికి ఒక కారు ఎదురైంది, అందులోని మనిషి చనిపోయాడు. లోకం మొదటివాణ్ణి మెచ్చుకుంటుంది, రెండవవాణ్ణి జైలుకు పంపుతుంది. నష్టం వేరు కాబట్టి చట్టం వేరుగా చూడడం న్యాయమే. చనిపోయినవాని కుటుంబానికి పరిహారం చెల్లించవలసిన బాధ్యత కూడా రెండవవాడిదే. కాని దేవుని ముందు వారిద్దరూ ఎంచుకున్నది ఒకటే. మలుపు అవతల ఎవరున్నారో మొదటివాడికి తెలియదు. లేకపోవడం అతని మంచితనం వల్ల కాదు. ఏమీ జరగలేదు కదా అనే మాట పాపసంకీర్తనం దగ్గర చెల్లదు.

కాబట్టి ఆ తల్లికి నేను చెప్పినది ఇది. ఫోటోను చూసి పాపమా కాదా చెప్పలేను. ఒరగడం పాపం కాదు. తనకు కనిపించే దూరంలో ఆగగలిగే వేగంతో పోయాడా అని అబ్బాయిని అడగండి. అది అతనికే తెలుసు. పోలేదంటే, ఎంత వేగమో తెలిసి, అవతల మనుషులు ఉండవచ్చునని తెలిసి, ఇష్టపూర్వకంగా పోయానంటే, అది చిన్న విషయం కాదు. దగ్గరలోని గురువు దగ్గర చెప్పుకోవాలి. ఆమె వెంటనే "మళ్ళీ ఆ దారిన పోవచ్చా మరి?" అని అడిగింది. పోవచ్చునమ్మా, గంటకు 30 మైళ్ళ బోర్డు అక్కడే పెట్టి ఉంది అన్నాను. ఆ వేగంతో 11 మైళ్ళకు 22 నిమిషాలు పడుతుంది.